పరుల బిడ్డను మేలుకొలిపిన మహర్షి

(బాలకాండ ప్రవచనంలో ఒకనాటి ప్రసంగ పాఠం)



నిన్నటితో శ్రీరామ జననం, బాల్యం చెప్పుకున్నాం. ఈనాడు విశ్వామిత్ర మహర్షి అయోధ్యకు రావడం మొదలుకొని, మిథిలలో సెలవు తీసుకొని వెళ్ళిపోవడం వరకు చెప్పుకోవాలి. యాభైకి పైగా సర్గల కథ. ఈ గంటన్నరలో అంతా చెప్పడం నా శక్తికి మించిన పని. కనుక ఒక్క దారి పట్టుకొని నడుస్తాను. గంగావతరణం, అహల్యా వృత్తాంతం వంటి ఘట్టాలు దారిలో విడిచిపెడుతున్నానని నొచ్చుకోకండి.

ఆ దారి ఏదో మన ఆలయ ధర్మకర్తలే చూపించారు. ఈ ఏడు వారు ఒక సంకల్పం చేశారు. ఊళ్ళో ఇంటర్మీడియట్, ఇంజనీరింగు, డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్ద తోడుగా ఉండాలని, వారానికొకసారి కలుసుకొని ఆ పిల్లల మంచిచెడులు విచారించాలని. పేర్లిచ్చిన పెద్దలు ముందు వరుసలో ఉన్నారు. విశ్రాంత ఉపాధ్యాయులున్నారు, బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చినవారున్నారు, వ్యవసాయదారులున్నారు, నలుగురు గృహిణులూ ఉన్నారు. వారందరూ సాయంత్రం నన్ను కలిసి, "పిల్లలకు మేము ఏం బోధించాలో సెలవివ్వండి" అన్నారు. బోధించవలసినదానికి మన దగ్గర ఏనాడూ కొరత లేదు. వినే చెవి ఎట్లా దొరుకుతుంది? అది ముందు తేలాలి. విశ్వామిత్రుడు ఆ చెవిని సంపాదించుకున్న తీరే ఈనాటి ప్రసంగ విషయం.

ఇది ఇప్పుడెందుకు చెప్పుకోవాలో ఒక్క మాటలో మనవి చేస్తాను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. తరువాత కొద్ది దినాలలోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల నమోదులో పొరపాట్లు జరిగాయని తరువాత తేలింది. తప్పినవారి జవాబుపత్రాలు మళ్ళీ పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. ఎవరి తప్పు ఎంత అనే విచారణ ఈ వేదిక పని కాదు. నా మనస్సును కలచివేసేది వేరొకటి. ఆ పిల్లలకు తల్లిదండ్రులున్నారు, గురువులున్నారు, స్నేహితులున్నారు. అయినా ఆ రాత్రి తలుపు తట్టి "నాకు ఇట్లా అయింది" అని చెప్పుకోవడానికి ఒక్క గడప వారికి గుర్తుకు రాలేదు. ఆ గడప మనది కావాలని ఈ ధర్మకర్తలు కోరుతున్నారు. అది చిన్న కోరిక కాదు.

ఇట్టి పెద్దను ఇంగ్లీషువారు మెంటర్ అంటారు. ఆ మాట గ్రీకుల పురాణకథలోని ఒక మనిషి పేరు. రాజు యుద్ధానికి వెళుతూ ఇంటిని, పసివాడైన కొడుకునూ ఆ మిత్రునికి అప్పగించి వెళ్ళాడట. అంటే అక్కడా పరుల బిడ్డ సంగతే. మన భాషలో దీనికి హితుడు అన్న మాట సరిపోతుంది. గురువుకు శిష్యుడి మీద అధికారముంటుంది, తండ్రికి కొడుకు మీద హక్కు ఉంటుంది. హితునికి ఈ రెండూ లేవు. ఆ పిల్లవాడు రేపటి నుంచి రానంటే మనం చేయగలిగినది ఏమీ లేదు. మన ఆలంకారికులు ఉపదేశం మూడు విధాలన్నారు గదా! ప్రభువు ఆజ్ఞాపించినట్లు వేదం చెబుతుంది, మిత్రుడు నచ్చజెప్పినట్లు పురాణం చెబుతుంది, ప్రియురాలు మనస్సు కరిగించినట్లు కావ్యం చెబుతుంది. హితునికి దక్కినది ఆ నడిమి మార్గమొక్కటే.

ఇక కథలోకి వద్దాం.

విశ్వామిత్రుడు దశరథుని సభలోకి వచ్చాడు. రాజు ఎదురేగి పూజించి, మీరు ఏమి కోరినా ఇస్తానని మాట ఇచ్చాడు. మహర్షి కోరినది పెద్దకొడుకును. వెంటనే దశరథునికి స్పృహ తప్పింది. తేరుకొని, నా రాముడికి ఇంకా పదహారేళ్ళయినా నిండలేదు, కావలిస్తే అక్షౌహిణి సేనతో నేనే వస్తానన్నాడు. మహర్షికి కోపం వచ్చింది. వసిష్ఠుడు అడ్డుపడి రాజుకు నచ్చజెప్పాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. తొందరలో మనం దాటిపోయే మాటలు రెండున్నాయి.

మొదటిది, విశ్వామిత్రుడు గడువు చెప్పి అడిగాడు. యజ్ఞానికి పది రాత్రులు, అంతమాత్రమే రాముణ్ణి పంపమన్నాడు. రెండవది, నీ మంత్రులు, వసిష్ఠాదులు అందరూ సమ్మతిస్తేనే పంపమన్నాడు. కోరినది ఇస్తానని రాజు అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ మాటను పట్టుకొని పిల్లవాణ్ణి చెయ్యిపట్టి లాక్కుపోవచ్చు. అట్లా చేయక, బిడ్డ బాగు కోరేవారందరి ఎదుట అడిగాడు. తల్లి కౌసల్య, తండ్రి దశరథుడు మంగళం పలికారు, వసిష్ఠుడు ఆశీర్వదించాడు. ఆ తరువాతనే రాముడు కదిలాడు. ఒంటరిగానూ కదలలేదు. ఋషి అడిగినది రాముణ్ణి మాత్రమే. దశరథుడు లక్ష్మణునితో కలిపి పిలిపించాడు. ఇద్దరూ వెంట నడిచారు. ఋషి వద్దనలేదు.

ముందు వరుసలోని పెద్దలకు దీని మీద ఒక మనవి. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలతో స్నేహం వద్దు. కలుసుకునేది ఈ ఆలయ మండపంలోనో, గ్రంథాలయంలోనో, నలుగురి కంటికి కనిపించే చోటనో కానివ్వండి. ఆడపిల్లను గానీ మగపిల్లవాణ్ణి గానీ ఒంటరిగా ఇంటికి రమ్మనకండి. మీ శీలం మీద అనుమానంతో చెబుతున్న మాట కాదిది. తమ బిడ్డ ఎక్కడ, ఎవరితో ఉన్నాడో తెలిసిన తల్లి నిశ్చింతగా పంపుతుంది, ఆ నిశ్చింత బిడ్డకూ అంటుతుంది. గడువు కూడా చెప్పండి. ఒక విద్యాసంవత్సరం అనండి. అన్న తరువాత నడుమ విడవకండి. అమెరికాలో ఇట్టి తోడు పొందిన పిల్లలను పరిశీలించి ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక వ్యాసం ప్రచురించారు. ఏడాదికి పైగా సాగిన స్నేహాలలో పిల్లలకు మేలు ఎక్కువగా కనబడిందట. మూడు నెలలలోపే తెగిపోయిన చోట మేలు లేకపోగా, తమ మీద తమకున్న విశ్వాసం కూడా సన్నగిల్లిందట. అప్పటికే ఇద్దరు ముగ్గురు విడిచిపోయిన పిల్లవాడికి మరొకరు విడిచిపోతే, లోపం నాలోనే ఉన్నదని అనుకుంటాడు గదా! తీరిక లేనివారు పేరు ఇవ్వకపోవడం దోషం కాదు. ఇచ్చి మానుకోవడమే దోషం.

అయోధ్య దాటి ఒకటిన్నర యోజనం నడిచారు. సరయూ నది దక్షిణతీరం. అక్కడ విశ్వామిత్రుడు రాముణ్ణి మధురంగా పేరుపెట్టి పిలిచి, ఆచమనం చెయ్యి నాయనా, బల అతిబల అనే విద్యలు తీసుకో అన్నాడు. ఆ విద్యల వల్ల ఆకలి దప్పులు బాధించవు, శ్రమ తెలియదు, జ్వరం రాదు. ఈ క్రమాన్ని గమనించండి. తాటక ఉన్నది, మారీచ సుబాహులున్నారు, పది దినాలలో యజ్ఞం ఉన్నది. ఋషి చేతిలో లోకంలోని అస్త్రాలన్నీ ఉన్నాయి. కాని మొదటి సాయంత్రం ఆయన విచారించినది పిల్లల ఆకలి, అలసట. అస్త్రాలు ఆ తరువాత కొన్నాళ్ళకు.

మన సంగతి చూడండి. పిల్లవాడు ఎదుట కూర్చోగానే మనం అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని మార్కులు వచ్చాయి?" రెండవది, "ర్యాంకు ఎంత?" హాస్టలులో ఉదయం అయిదు గంటలకు లేపి రాత్రి పది దాకా కూర్చోబెడుతున్న పిల్లవాడు ఆ వారంలో ఏనాడైనా కంటినిండా నిద్రపోయాడా, కడుపునిండా తిన్నాడా అని అడిగేవారు ఎందరు? మొదటి నెల ఇంకేమీ అడగవద్దు. నిద్ర, తిండి, ఒంట్లో నలత, అమ్మమ్మ గారి ఊరు, ఆడే ఆట. మార్కుల మాట తానే ఎత్తేవరకు మీరు ఎత్తకండి. ఇదేం పెంపకమని కొందరికి అనిపించవచ్చు. బల అతిబల అంటే ఈ కాలానికి ఇదేనని నా అభిప్రాయం.

ఆ రాత్రి గడ్డి పరుపు మీద పడుకున్నారు. రాజకుమారులకు అది కొత్త. అయినా ఆ రాత్రి వారికి సుఖంగానే గడిచిందని వాల్మీకి మహర్షి వ్రాశాడు. కారణం కూడా చెప్పాడు. కౌశికుని మాటలు వారిని లాలించాయట. అవి ఏ మాటలో కవి వ్రాయలేదు. మనకు బోధనలు కావాలి గనుక ఆ మాటలేవో తెలిస్తే బాగుండుననుకుంటాం. బహుశా వ్రాసి ఉంచదగినవి కావేమో. పిల్లలకు నిద్ర పట్టేదాకా పెద్దవాళ్ళు చెప్పే మాటలు ఎక్కడా ఎవరూ వ్రాసి పెట్టుకోరు.

తెల్లవారింది. గడ్డిమీద పడుకున్న రాముణ్ణి విశ్వామిత్రుడు లేపాడు. ఆ లేపిన శ్లోకం మీకందరికీ కంఠస్థం. తిరుమలలో బంగారు వాకిలి ముందు ప్రతిరోజూ సుప్రభాతం ఆరంభమయ్యేది ఆ శ్లోకంతోనే. ధనుర్మాసంలో మాత్రం తిరుప్పావై. ప్రతివాది భయంకరం అణ్ణన్ స్వామి పదిహేనవ శతాబ్దిలో సుప్రభాతం కూర్చినప్పుడు తొలి శ్లోకాన్ని వాల్మీకి నుంచి యథాతథంగా తీసుకున్నారు. మన ఇళ్ళలో వేకువన వినిపించే ఆ పిలుపు, ఒక హితుడు పరుల బిడ్డను మేలుకొలిపిన పిలుపు.

పిలుపులో రెండు విశేషాలున్నాయి. ఒకటి, తల్లి పేరు ముందు పెట్టి పిలిచాడు. కౌసల్య కన్న మంచి బిడ్డవు అన్న భావం వచ్చేట్టు పిలిచాడు. దశరథుని పేరు ఎత్తలేదు, రఘువంశం ఎత్తలేదు. ఇంటికి దూరంగా మొదటి ఉదయం కళ్ళు తెరిచే కుర్రవాడికి ఎవరి పేరు వినబడితే ప్రాణం లేచివస్తుందో ఆ పేరే పలికాడు. తల్లిని మరిపించి తాను ఆ చోట కూర్చోవాలని చూడలేదు. మనలో కొందరు పిల్లల దగ్గర చనువు కోసం, "మీ నాన్నకు నీ సంగతి ఏం తెలుసులే, నాకు చెప్పు" అంటారు. ఆ మాట పలికిన నోటితో మంచిమాట ఎంత చెప్పినా విషం కలిసే ఉంటుంది. రెండవ విశేషం, రాముణ్ణి నరులలో పెద్దపులి వంటివాడా అన్నాడు. పదహారు నిండని పిల్లవాడు. ఇంకా ఒక్క బాణం వేసి చూపించలేదు. నిన్న రాత్రి గడ్డి గుచ్చుకొని సరిగా నిద్ర పట్టిందో లేదో. అతనిలో కాబోయే మనిషిని ముందే చూసి, ఆ మనిషిని పిలిచాడు. లేచి ఉదయ కృత్యాలు చేసుకో అన్న చిన్న పని కోసం అంత పెద్ద పిలుపు.

ఇంత మెత్తగా పిలిచిన ఈ ఋషి స్వభావం ఎట్టిదో గుర్తున్నదా? శునశ్శేపుణ్ణి కాపాడడానికి నా మాట వినండని తన కన్నకొడుకులను అడిగితే వారు ఎగతాళి చేశారు. ఆయన వారిని ఘోరంగా శపించాడు. సొంత బిడ్డల దగ్గర ఆగని కోపం పరాయి బిడ్డ దగ్గర ఎట్లా ఆగింది? నాకు తోచినంతలో, సొంత బిడ్డ అనగానే మాట వినవలసినవాడు అనుకుంటాం. పరాయి బిడ్డ ఋణం పెట్టుకున్నవాడు కాడు, కనుక అడుగడుగునా అతని మనస్సు చూసుకోవలసి వస్తుంది. ఇంట్లో కొడుకుతో మాటలు లేని పెద్దలు కూడా ఈ సేవకు పేరు ఇవ్వవచ్చని నేను ధైర్యంగా అంటున్నది అందుకే. ఇక్కడ పట్టుబడిన మెత్తదనం ఇంటికి కూడా పోవచ్చు.

ఈ శాపకథ రాముడికి తెలుసు. ఎట్లా తెలుసు? మిథిలలో జనకుని పురోహితుడు శతానందుడు చెప్పాడు. అహల్యా గౌతముల కుమారుడాయన. విశ్వామిత్రుడు అక్కడ కూర్చుని ఉండగానే ఆయన కథ మొదటినుంచి విప్పాడు. వసిష్ఠుని ధేనువును బలవంతంగా తోలుకుపోబోయి ఓడిన సంగతి, త్రిశంకుని సంగతి, మేనక దగ్గర తపస్సు పోగొట్టుకున్న సంగతి, కొడుకులను శపించిన సంగతి, ఎన్నిమార్లు పడి ఎట్లా లేచి బ్రహ్మర్షి అయ్యాడో అంతా. వినేవాడు తన వెంట వచ్చిన పిల్లవాడు. విశ్వామిత్రుడు ఒక్కమాట అడ్డుపెట్టలేదు. ఆయన ఉదాసీనంగా కూర్చున్న ఆ దృశ్యం నాకు రామాయణంలో చాలా ఇష్టం. మేము మీ వయస్సులో పొద్దున నాలుగింటికి లేచేవాళ్ళం, ఒక్క తప్పు చేసి ఎరుగం అని పిల్లల ముందు మన చరిత్రకు సున్నం కొట్టుకుంటాం. ఇంటర్మీడియట్ తప్పి మళ్ళీ కట్టి గట్టెక్కినవారు ఈ ముందు వరుసలోనే ఉండవచ్చు. ఫలితాల దినాలలో ఆ కథ చెప్పండి. ఆ పిల్లవాడికి అంతకు మించిన అస్త్రం ఉండదు.

మళ్ళీ దారిలోకి వస్తాను. గంగా సరయూ సంగమం దగ్గర పడవ దాటుతుండగా నీటి హోరు వినబడింది. ఏమిటీ శబ్దం అని రాముడడిగాడు. మానస సరస్సులో పుట్టిన సరయువు గంగలో కలిసే ధ్వని అని మహర్షి చెప్పి నమస్కరించమన్నాడు. ఆవలి ఒడ్డున అడవి కనబడింది. ఇది ఎవరి అడవి అని అడిగాడు. తాటక కథ చెప్పాడు. యక్షులకు బలం తక్కువంటారు గదా, ఈమెకు వెయ్యి ఏనుగుల బలం ఎట్లా వచ్చిందని అడిగాడు. అది ఎదురుప్రశ్న. విసుక్కోకుండా సుకేతుని తపస్సు నుంచి ఎత్తుకొని చెప్పాడు. బాలకాండలో సగం కథలు రాముడు అడిగితే వచ్చినవే. అడగకుండా చెప్పినవి బహు స్వల్పం. ఒక ప్రశ్నకు జవాబు దొరికిన పిల్లవాడు రెండవది అడుగుతాడు. మొదటి ప్రశ్నకే "ఈమాత్రం తెలియదా?" అన్నామా, ఆ నోరు మన దగ్గర ఇక తెరుచుకోదు.

తాటక ఎదురైనప్పుడు రాముడు వెనుకాడాడు. స్త్రీ గదా, చంపను, బలం తగ్గించి పంపుతానన్నాడు. అది పిరికితనం కాదు, ధర్మసంశయం. విశ్వామిత్రుడు అంతకుముందే కారణాలు చెప్పి, పూర్వులు ఇట్లా చేసిన ఉదాహరణలు చూపాడు. అయినా పిల్లవాడి మనస్సు ఆగింది. సంధ్య సమీపిస్తున్నది, రాక్షసులకు బలం పెరిగే వేళ అని హెచ్చరించాడు. చివరకు రాముడు బాణం వేశాడు. సంశయించినందుకు ఆ పిల్లవాణ్ణి ఎవరూ తరువాత ఎత్తిపొడవలేదు. మరునాడు ఉదయం మహర్షి సంతోషించి అస్త్రాలన్నీ ఇచ్చాడు. అన్నీ తీసుకొని రాముడు ఏమడిగాడు? వీటిని ఉపసంహరించడం కూడా నేర్పమన్నాడు. విడవడం తెలిసింది, వెనక్కు తీసుకోవడం తెలియాలి. అడిగినవెంటనే అదీ నేర్పాడు. పద్మవ్యూహంలోకి వెళ్ళడం మాత్రమే తెలిసిన అభిమన్యుడు మీకు జ్ఞాపకం రావాలి ఇక్కడ. తనకు బయటికి రావడం తెలియదని అతడు ముందే చెప్పాడు. వెనకనే మేము వస్తామని పెద్దలు మాట ఇచ్చారు. సైంధవుడు అడ్డుకున్నాడు, వారు రాలేకపోయారు. పిల్లలను పోటీపరీక్షలలోకి పంపేటప్పుడు లోపలికి పోయే దారి లక్షలు పోసి నేర్పిస్తున్నాం. సీటు రాకపోతే బయటికి వచ్చే దారి ఒకటుంటుందని, ఆ దారిన వచ్చినవారూ గౌరవంగా బ్రతుకుతున్నారని ఎవరు చెబుతున్నారు? ఆ దారి చెప్పడానికి తల్లిదండ్రులకు నోరు రాదు. వారి ఆశ వారిని చెప్పనివ్వదు. మీరు చెప్పగలరు.

తరువాత యజ్ఞం. సిద్ధాశ్రమంలో దీక్ష పట్టిన మరుక్షణం నుంచి విశ్వామిత్రుడు మౌనం వహించాడు. ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు మీరు కాపాడాలి అని ఆ మాట కూడా ఇతర మునులే పిల్లలకు చెప్పవలసివచ్చింది. ఆరవనాడు మారీచ సుబాహులు ఆకాశం కప్పుకొని వచ్చి రక్తవర్షం కురిపించారు. ఋషి నోరు విప్పలేదు. మారీచుని మీద మానవాస్త్రం వెయ్యాలా, సుబాహుని మీద ఆగ్నేయం వెయ్యాలా, మిగిలినవారి మీద వాయవ్యం వెయ్యాలా అన్నది రాముని నిర్ణయం. ఒకణ్ణి చంపక నూరు యోజనాల ఆవల సముద్రంలో పడవేసినదీ అతని నిర్ణయమే. ఆ మారీచుడే తరువాత బంగారులేడి అయి వచ్చాడు. అప్పుడే చంపి ఉంటే బాగుండేదని గురువు ఒక్కమాట అనలేదు. యజ్ఞం ముగియగానే, నేను కృతార్థుణ్ణయ్యాను, నీవు గురువాక్యం నిలబెట్టావు అని మెచ్చుకున్నాడు. పిల్లవాడు పని చేస్తున్నప్పుడు వెనుకనుంచి "అట్లా కాదు, ఇట్లా" అనే మన అలవాటుకు ఈ ఆరు దినాల మౌనం మంచి మందు. మిథిలలో కూడా అంతే. శివధనుస్సు ఉన్న పెట్టె ఎదుట ఉండగా, విల్లును చూడమని మాత్రమే అన్నాడు. ఎత్తమనలేదు. తాకవచ్చునా, ఎక్కుపెట్టి చూడవచ్చునా అని రాముడే అడిగాడు.

దీనికి విరుద్ధమైన సారథ్యం భారతంలో ఉన్నది. తిక్కన సోమయాజి తెలిగించిన కర్ణపర్వం విన్నవారికి శల్యుడు తెలుసు. కర్ణుని రథం మీద కూర్చుని, కాకి హంసతో పందెం వేసిన కథ చెప్పి అతని తేజస్సు తగ్గించాడు. ధర్మరాజుకిచ్చిన మాట కోసం చేశాడు, అది వేరు సంగతి. విచిత్రమేమంటే శల్యుడు గుర్రాలను నడపడంలో శ్రీకృష్ణునితో పోల్చదగినవాడు. నేర్పులో లోపం లేదు. పక్కవాని పిల్లలతో పోలిక తెచ్చి, కాకివి నీవు, హంస వాడు అనే పెద్దలు శల్యునికి మాట ఇచ్చి రాలేదు గాని, పని మాత్రం అదే చేస్తున్నారు.

మాతృమూర్తులు నలుగురు పేర్లిచ్చారన్నాను. వారికోసం బాలకాండ విడిచి అయోధ్యాకాండ చివరి సర్గల దాకా ఒక్క అడుగు వెళ్ళివస్తాను. అత్రి మహర్షి ఆశ్రమంలో అనసూయాదేవి పండుముసలి. నమస్కరించిన సీతకు పతివ్రతాధర్మం బోధించింది. సీత ఏమన్నది? మీరు చెప్పడం ఆశ్చర్యం కాదు గాని, ఇది నాకు తెలిసినదే, పెళ్ళినాడు అగ్నిసాక్షిగా అమ్మ చెప్పింది, అడవికి వచ్చేటప్పుడు అత్తగారు చెప్పారు, మరచిపోలేదు అన్నది. వినయంగానే అన్నది, కాని తెలుసుననే అన్నది. మన ఇళ్ళలో కోడలో మనుమరాలో అట్లా అంటే ఆ పూట భోజనాలు మౌనంగా సాగుతాయి. అనసూయ పరమానందపడి శిరస్సు మూర్కొన్నది. వరం కోరుకోమంటే సీత అన్నీ అమరాయన్నది. ఆ మాటకూ సంతోషించి, వాడని పూమాల, చీర, నగలు, మైపూత ఇచ్చింది. తరువాత, నీ స్వయంవరం సంగతి విన్నాను, నీ నోట సవిస్తరంగా చెప్పు అన్నది. బోధ చేయవచ్చిన పెద్దావిడ శ్రోత అయి కూర్చున్నది. సీత నాగేటిచాలులో దొరకడం నుంచి విల్లు విరగడం దాకా చెప్పింది. చీకటి పడేదాకా విన్నది. వనవాసంలో సీత తన కథ తాను తీరికగా చెప్పుకున్న సందర్భం అది. తెలిసిన కథనే మళ్ళీ అడిగి వినడం వల్ల ఆ అమ్మాయికి ఏమి ఒరిగిందో అడవిలో ఉన్న కొత్తకోడలిని అడగాలి.

మీ దగ్గరకు వచ్చే ఆడపిల్లలు కూడా "తెలుసు ఆంటీ" అంటారు. అననివ్వండి.

రహస్యాల సంగతి ఒకటి చెప్పకుండా ముగించకూడదు. చనువు పెరిగిన తరువాత పిల్లలు, "ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను" అంటారు. ఆ మాట ఇవ్వకండి. నీ సంగతులు ఊళ్ళో చెప్పుకోను, కాని నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఊరుకోను అని ముందే చెప్పండి. దశరథుడు ముందు మాట ఇచ్చి తరువాత తల్లడిల్లడం ఈనాడే విన్నారు. బ్రతకాలని లేదన్న భావం పిల్లవాని మాటలలో తొంగిచూస్తే వేదాంతం చెప్పవద్దు, తిట్టవద్దు. అట్టి ఆలోచన వస్తున్నదా అని సూటిగా, శాంతంగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా విడవకుండా తల్లిదండ్రులకు తెలియజేసి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత సేవ ప్రారంభించింది. 14416 అనే నంబరుకు రాత్రింబగళ్ళు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లవాడూ చేయవచ్చు, మీరూ చేయవచ్చు. బిడ్డ మీద లైంగికమైన అఘాయిత్యం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసిన ప్రతివారి విధి. పరువు అని దాచిపెట్టడానికి వీలు లేదు. ఈ నంబరు, ఈ నియమం ఒక కాగితం మీద వ్రాసి మండపం స్తంభానికి అంటించమని ధర్మకర్తలను కోరుతున్నాను.

ఒక పెద్దాయన సాయంత్రం మరొక ప్రశ్న వేశారు. ఏడాది అయిన తరువాత ఆ పిల్లవాడు మనల్ని మరచిపోతే? కళ్యాణం ముగిసిన మరునాటి ఉదయం విశ్వామిత్రుడు ఇద్దరు రాజుల దగ్గర సెలవు తీసుకొని ఉత్తరపర్వతానికి వెళ్ళిపోయాడు. అడిగినది పది రాత్రులు. రాముణ్ణి తండ్రికి అప్పగించాడు, పక్కన సీత ఉన్నది, చేతిలో అస్త్రాలున్నాయి. అయోధ్యకు వచ్చి సన్మానం పుచ్చుకోలేదు. ఆ తరువాత పట్టాభిషేకం దాకా రాముని పక్కన మనకు ఆయన కనిపించడు. ఆయన వెళ్ళిన ఆ సర్గలోనే, పెళ్ళివారు అయోధ్య దారి పట్టగానే ఆకాశం చీకట్లు కమ్మింది, దుమ్ము లేచింది, భుజాన గండ్రగొడ్డలి, చేత వైష్ణవ ధనుస్సుతో పరశురాముడు ఎదురుగా వచ్చి నిలిచాడు. దశరథుడు వణికిపోయి అభయమిమ్మని వేడుకున్నాడు. పరశురాముడు ఆయన మాట విననేలేదు. రాముడు ముందుకు నడిచాడు. ఆ ఘట్టం రేపు సాయంత్రం ఇదే వేళకు చెప్పుకుందాం.

స్వస్తి.